మిషన్‌కి లెక్కలు రావు

లెక్కల పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థలో మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల. బల్లకి ఇవతల, సూత్రాలను బొమ్మలుగా మార్చే కంప్యూటరు ప్రోగ్రాము (అక్కడందరూ 'మిషన్' అనేది దాన్నే) కట్టిన అమ్మాయి, అవతల ఆ సూత్రాలు రాసిన ప్రొఫెసరు గారు, మధ్యలో ఎటు మొగ్గితే క్షేమమో తేలక నిలబడ్డ మేనేజరు. అమ్మాయి ఉద్యోగం బల్ల మీదున్న ఒక్క కాగితంలో ఉంది. పాపం, అది ఊడాలన్నా సంతకం ఆమే పెట్టాలి.

"అంటే నేను తప్పు రాశానంటావు."

"అనలేదు సర్."

"మరేమన్నావు?"

"మిషన్ తప్పు చెయ్యలేదన్నాను."

"రెండూ ఒకటి కాదూ?"

"అది మీరే చెప్పాలి సర్. తర్కం పాఠం మీ పుస్తకంలోనే ఉంది."

"విన్నావా మేనేజరూ, ఎలా మాట్లాడుతోందో."

"విన్నానండీ ప్రొఫెసరు గారూ. చిన్నపిల్ల, పట్టించుకోకండి. మిషన్ తప్పేనండీ, అందులో సందేహమే లేదు. అమ్మా, నువ్వు ఆ కాగితం మీద సంతకం పడేస్తే అందరం హాయిగా టీ తాగుదాం."

"అందులో ఏం రాసుంది మేనేజరు గారూ?"

"ఏముంటుంది, మామూలే. 'సూత్రాలను బొమ్మలుగా మార్చడంలో నా పొరపాటు వల్ల నలభై ఒక్క చోట్ల తప్పులు దొర్లాయి' అని."

"నా పొరపాటు అని ఉందా?"

"ఊరికే, మాట వరసకి."

"దాని కింద ఇంకో వాక్యం ఉందండీ. ఈ పని ఇకమీదట బయటివాళ్ళకి ఇచ్చేస్తామని."

"అది పైవాళ్ళు కలిపారు. నాకు సంబంధం లేదు. నేను అందులో కామా కూడా పెట్టలేదు."

"బయటివాళ్ళకి ఇస్తే నేనేం చెయ్యాలండీ?"

"నీకేం, చదువుకున్నదానివి. ఏదో ఒకటి చూద్దాం. ముందు సంతకం కానివ్వు. ఐదింటికి పుస్తకం ప్రెస్సుకి వెళ్ళాలి. ఇప్పుడు రెండున్నర."

"మూడేళ్ళు కూర్చుని కట్టానండీ దీన్ని. ఒక్క ముక్క బయట కొనలేదు. నా పొరపాటు ఉంటే పెడతాను సంతకం. లేని పొరపాటుకి నా పేరెందుకు పెట్టాలి?"

"అమ్మాయ్, పేరు సంగతి నువ్వు నాకు చెప్పకు. ఈ పుస్తకం మీద నా పేరుంది. ఐదు ముద్రణలు అయ్యాయి. ఒక్క ముద్రణలో ఒక్క తప్పు చూపించు. లేదు. ఆరోది నీ మిషన్‌లోంచి వచ్చింది, నలభై ఒక్క తప్పులు. పాత పుస్తకం పక్కన పెట్టుకుని, వారం రోజులు కూర్చుని, ఒక్కోదానికీ ఎర్రసున్నా చుట్టాను. దీన్నిబట్టి చిన్నపిల్లాడికైనా ఏమర్థమవుతుంది?"

"సర్, ఒక్క పేజీ చూద్దామా? మీరు ఏది చెబితే అది."

"నూట పన్నెండు. చూడు. యూ, డీవీ, సమాకలనం. యూవీ, తర్వాత ఏం రావాలి?"

"మైనస్ రావాలి సర్."

"ఏం వచ్చింది?"

"ప్లస్."

"ఆ. నోటితోనే చెప్పావు. మేనేజరూ, రాసుకో."

"రాసుకుంటున్నానండీ."

"సర్, మీరు సూత్రం టైపు చేస్తారు కదా, అది లోపల మాథ్‌ఎంఎల్ అని ట్యాగుల్లో దాగి ఉంటుంది. ఇది పైన, ఇది కింద, ఇది అంకె, ఇది గుర్తు అని పేరు రాసి అతికించిన డబ్బాల్లాగా. పుస్తకం మొత్తం అలాంటి ఒక పెద్ద ఎక్స్‌ఎంఎల్ ఫైలు. నా ప్రోగ్రాము ఆ ఫైలంతా మొదట్నుంచి నడుచుకుంటూ వెళ్తుంది. మామూలు వాక్యాలుంటే ముట్టుకోదు. సూత్రం కనబడితే ఆగుతుంది, డబ్బా మీద ఏం రాసుంటే అది గీస్తుంది, గీసిన బొమ్మ అక్కడ పెట్టేస్తుంది, ముందుకెళ్తుంది. అంతే దాని పని."

"గీసేటప్పుడు మైనస్‌కి బదులు ప్లస్ గీసింది. అంతే దాని తప్పు."

"దానికంత తెలివి లేదు సర్."

"నీ మిషన్‌ని నువ్వే తిడుతున్నావేంటి?"

"తిట్టడం కాదండీ. దానికి లెక్కలు రావు. ప్లస్ అంటే కలపడం అని కూడా తెలీదు. ఒక అడ్డగీత, ఒక నిలువుగీత, అంతవరకే. అది తప్పు చేస్తే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు సర్, మొదటి ఏడాదంతా అవే చూశాను. బ్రాకెట్టు పేజీ దాటి పోతుంది. వర్గమూలం గుర్తు జారిపోయి పక్క అంకె మీద పడుతుంది. భిన్నం గీత కింది అంకెని కొట్టేసినట్టు వస్తుంది. చూడగానే తెలిసిపోతుంది, తాగి గీసినట్టుంటుంది. ఇంత శుభ్రంగా, ఇంత నిటారుగా తప్పు చెయ్యడం దానికి చేతకాదు."

"అంటే శుభ్రంగా తప్పు చెయ్యడం మనిషికే చేతనవునంటావు."

"నేననలేదు సర్."

"అమ్మా, నువ్వు అనకుండానే అన్నీ అంటున్నావు."

"మేనేజరు గారూ, మీరు ఈ బొమ్మ కాస్త పెద్దది చేసి చూడండి. ఇంకా. ఇంకా చెయ్యండి, ఫర్వాలేదు."

"అబ్బో. తెరంతా ప్లస్సే. అంచు చూడండి ప్రొఫెసరు గారూ, కత్తితో కోసినట్టుంది. ఎక్కడా చెదరలేదు."

"చెదరదండీ. చుక్కల బొమ్మయితే పెద్దది చేసేకొద్దీ మసకబారుతుంది. ఇది గీతల బొమ్మ, ఎస్‌వీజీ అంటారు. గోడంత చేసినా ఇలాగే ఉంటుంది."

"బాగుందమ్మాయ్. నా తప్పుని... అంటే నీ తప్పుని గోడంత చేసి చూపిస్తున్నావు."

"సర్, మీ దగ్గరున్న అసలు ఫైలు తెచ్చారా?"

"పెన్‌డ్రైవులో, ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. ఎవరికీ ఇవ్వను. ప్రెస్సుకి పంపేటప్పుడు కాపీ పంపుతాను తప్ప దీని మీద ఎవరి చెయ్యీ పడనివ్వను."

"మీ చేత్తోనే పెట్టండి. మీరే తెరవండి. నేను చేతులు కట్టుకుని కూర్చుంటాను. మేనేజరు గారు సాక్ష్యం."

"నన్ను సాక్ష్యాల్లోకి లాగకమ్మా. నాకు ఫోనొచ్చేలా ఉంది."

"ఉండవయ్యా. నూట పన్నెండు. ఎక్కడుంది... ఇదిగో. యూవీ..."

"చదవండి సర్."

"ప్లస్."

"సర్?"

"ప్లస్ అన్నానుగా, చెవులు లేవా. వేలు జారింది. ఆ రెండు మీటలూ పక్కపక్కనే ఉంటాయి. ఎవరికైనా జారుతుంది."

"ఎవరికైనా జారుతుందండీ. ప్రొఫెసరు గారి వేలంటే మరీనూ, నిమిషానికి ఎన్ని టైపు చేస్తారో."

"నువ్వు నోరు ముయ్యి మేనేజరూ. ఒక్కటి జారింది. తక్కిన నలభై?"

"చూద్దాం సర్. ఎనభై ఎనిమిదో పేజీలో చిన్న లెక్క ఉంది. ఎక్స్ వర్గం సమానం ఐదు ఎక్స్. ఎక్స్ ఎంత?"

"నన్ను పరీక్షిస్తున్నావా? రెండువైపులా ఎక్స్‌తో భాగిస్తే ఐదు."

"పాత పుస్తకంలో సున్నా లేదా ఐదు అని ఉంది సర్. మీరే ఎర్రసున్నా చుట్టారు, మిషన్ ఒక జవాబు మింగేసిందని."

"మింగేసింది మరి."

"మీ ఫైల్లో చూడండి."

"...ఐదు అనే ఉంది."

"ఎక్స్ సున్నా అయితే సున్నాతో భాగించినట్టవుతుంది కదండీ. పాత పుస్తకంలో దాని గురించి ఒక వాక్యం కూడా ఉంది. 'భాగించే ముందు అది సున్నా కాదని చూసుకోవాలి' అని. మీ ఫైల్లో ఆ వాక్యం లేదు. వాక్యాల్ని నా ప్రోగ్రాము ముట్టుకోదు సర్."

"అది... అది అందరికీ తెలిసిందే. రాయక్కర్లేదని వదిలేసి ఉంటాను."

"మరి అచ్చులో ఎలా వచ్చిందండీ?"

"ఏమో. అచ్చులో ఎన్నో వస్తుంటాయి."

"సర్, నేను ఒకటి అడుగుతాను, కోప్పడకండి. అచ్చుపని జరిగేటప్పుడు దిద్దినవన్నీ మీరు మళ్ళీ మీ ఫైల్లోకి ఎక్కించుకునేవారా?"

"అచ్చుపనిలో దిద్దడం ఏంటి? నా లెక్కని ప్రెస్సువాళ్ళు దిద్దడం ఏంటి? నేను రాసి పంపుతాను, వాళ్ళు వేస్తారు. మళ్ళీ ముద్రణ వచ్చినప్పుడు ఇదే ఫైల్లో కొత్త లెక్కలు నాలుగు కలిపి పంపుతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి."

"అచ్చయిన పుస్తకం చదవరా సర్?"

"నా పుస్తకం నేను చదవడమెందుకు? రాసింది నేనే కదా."

"మరి క్లాసులో?"

"క్లాసులో పుస్తకం చూసి బోర్డు మీద ఎక్కిస్తాను. అది వేరు."

"వేరేనండీ. చదవడం వేరు, చూసి రాయడం వేరు."

"మేనేజరూ, నువ్వు నాకు సాయం చేస్తున్నట్టు లేదు."

"సర్, ఏడో అధ్యాయం మిగిలింది. అక్కడ మీరు సున్నా కాదు, రెండు సున్నాలు చుట్టారు."

"చుడతాను మరి. అది నా సూత్రం. మొదటి ఎన్ బేసి సంఖ్యల వర్గాల మొత్తం, ఒక్క వరసలో. ఇంత పొట్టిగా ఇంకే క్లాసు పుస్తకంలోనూ ఉండదు. పిల్లలు చప్పట్లు కొడతారు తెలుసా, నేనది బోర్డు మీద రాయగానే. అది నేను తప్పు రాస్తానా? నిద్రలో లేపి అడుగు, చెబుతాను."

"చెప్పండి సర్."

"నాలుగు ఎన్ వర్గం ప్లస్ ఒకటి. దాన్ని ఎన్‌తో గుణించి మూడుతో భాగించు."

"ప్లస్సా సర్?"

"ప్లస్."

"ఎన్ ఒకటి అనుకుందాం. అంటే ఒకటి వర్గం ఒక్కటే. మొత్తం ఒకటి రావాలి."

"వస్తుంది. నాలుగు, ప్లస్ ఒకటి, ఐదు. బై మూడు... ఐదు బై మూడు."

"నీళ్ళు తాగుతారా సర్?"

"ఆగు. పాత పుస్తకం ఇలా ఇయ్యి. ఏడో అధ్యాయం. నాలుగు ఎన్ వర్గం మైనస్ ఒకటి. నాలుగులో ఒకటి తీస్తే మూడు, బై మూడు, ఒకటి. రెండు పెడితే? నాలుగు నాలుగులు పదహారు, పదిహేను, రెండు పదిహేనులు ముప్పై, పది. ఒకటి, తొమ్మిది, పది. సరిపోయింది. అచ్చులో ఉన్నది సరిపోయింది."

"అవును సర్."

"నేను రాసింది కాదు, అచ్చులో ఉన్నది."

"అవును సర్."

"ఇరవై రెండేళ్ళుగా నా సూత్రాన్ని ఎవడో దిద్దుతున్నాడు."

"మా వాళ్ళు కాదండీ ప్రొఫెసరు గారూ. ప్రమాణం చేసి చెబుతాను. మా సంస్థలో ఎవరికీ అంత తెలివి లేదు."

"ఐదు ముద్రణలూ అక్షరాలు పేర్చింది ఎవరు మేనేజరు గారూ? మిషన్ రాకముందు?"

"అది... నీకు తెలిసిందేగా అమ్మా, ప్రొఫెసరు గారి బావమరిదే. ఈయనే చెప్పి పెట్టించారు."

"వాడా? వాడు కాదు. వాడికి లెక్కలు రావనే కదా అచ్చుపనిలో వేయించాను. డిగ్రీలో లెక్కలు మూడుసార్లు తప్పాడు. వాడు నా సూత్రం దిద్దుతాడా?"

"అడిగి చూద్దాం సర్. మూడు దాటింది."

ఫోను స్పీకరులో పెట్టారు. బావమరిది మూడో మోతకే ఎత్తాడు.

"బావగారా? మీరు ఫోను చేశారంటే... అక్క బాగానే ఉందా?"

"అక్కకేం, నిక్షేపంగా ఉంది. ఏరా, ఒక మాట అడుగుతాను, సూటిగా చెప్పు. నా లెక్కల్లో ఎప్పుడైనా చెయ్యి పెట్టావా?"

"లైను సరిగ్గా లేదండీ."

"లైను బ్రహ్మాండంగా ఉంది. నూట పన్నెండో పేజీలో ప్లస్‌ని మైనస్ చేశావా, లేదా?"

"ఎప్పటి సంగతో కదండీ. ఇప్పుడెందుకు బావగారూ అవన్నీ."

"కోప్పడనురా, చెప్పు."

"మీరు కోప్పడను అన్నప్పుడే ఎక్కువ కోప్పడతారండీ."

"బాబాయ్ గారూ, నమస్తే. నేనండీ, మీ కుర్చీలో కూర్చున్నదాన్ని."

"ఓ, బొమ్మలమ్మాయివా? ఎలా ఉన్నావమ్మా? ఆ కుర్చీ ఎడమకాలు ఊగుతుంది, అట్టముక్క పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానండీ. కానీ మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే రేపట్నుంచి ఆ కుర్చీలో నేనుండను. ఈ తప్పులన్నీ నేనే చేశానని సంతకం పెట్టమంటున్నారు."

"నువ్వా? నువ్వెందుకు పెట్టాలమ్మా? అన్యాయం కదా అది."

"అందుకే అడుగుతున్నామండీ."

"సరే. దిద్దిన మాట నిజమే బావగారూ. కానీ దిద్దింది నేను కాదు. నాకు లెక్కలెక్కడ వచ్చు? మీరే కదా వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు."

"మరెవరు?"

"ప్రూఫులు ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి."

"తీసుకెళ్తే? మీ ఆవిడా?"

"మా ఆవిడ కుట్టుమిషను తప్ప ఇంకోటి ముట్టుకోదండీ."

"మరెవరురా? చంపకుండా చెప్పు."

"బావగారూ, ప్రతి ముద్రణకీ ముందు అక్క మా ఇంటికి వచ్చి వారం రోజులు ఉండి వెళ్ళేది. గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? నడుం నొప్పి. మీ వీధిలో మంచి డాక్టరున్నాడని వచ్చేది."

"మా వీధిలో డాక్టరెవరూ లేరండీ. వింటున్నారా బావగారూ?"

"ఐదుసార్లూనా?"

"ఐదుసార్లూనండీ. మా భోజనాల బల్ల మీద ప్రూఫులు పరుచుకుని, పిల్లల ఎర్రపెన్సిలు తీసుకుని కూర్చునేది. మొదటిసారి నేనే అడిగాను, ఈ గుర్తు నేనేమైనా తిరగేసి పేర్చానా అక్కా అని. చూసి నవ్వింది. పేజీ తిప్పింది. ఇంక నవ్వలేదు. మొత్తం తెమ్మంది. ఆ తర్వాత ప్రతిసారీ మీ దగ్గర్నుంచి మళ్ళీ ఆ పాత తప్పులే వచ్చేవి, మళ్ళీ అన్నీ దిద్దేది."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెబుదామనే అన్నానండీ నేను. 'చెబితే ఆయన పుస్తకం రాయడం మానేస్తారు. మానేస్తే ఇంట్లో కూర్చుంటారు. అప్పుడు నా గతేంటి' అంది."

"పెట్టెయ్ ఫోను."

"కోప్పడనన్నారు."

"కోపం కాదురా. పెట్టెయ్. ...అమ్మాయ్, ఆ నీళ్ళు ఇలా ఇయ్యి."

"తీసుకోండి సర్. కూర్చోండి ముందు."

"ఎమ్మెస్సీలో మేమిద్దరం ఒకే క్లాసు. ఆవిడకి నాకంటే పదమూడు మార్కులు ఎక్కువ వచ్చాయి. పెళ్ళయ్యాక ఆ సంగతి మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. నేను ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు. ఆవిడ మర్చిపోయిందనుకున్నాను."

"మీరు మర్చిపోలేదు కదా సర్."

"పదమూడు మార్కులు ఎవడు మర్చిపోతాడు? ...సిగ్గుగా ఉందమ్మాయ్. నిన్ను పట్టుకుని పొద్దున్నుంచీ ఎన్ని మాటలన్నాను."

"ఫర్వాలేదు సర్. ఈ కాగితం సంగతి..."

"ఇలా ఇయ్యి. నీ పేరు కొట్టేస్తున్నాను. ఇక్కడ నా పేరు. 'నా పొరపాటు వల్ల నలభై ఒక్క చోట్ల'. ఇదిగో సంతకం. కింది వాక్యం కూడా కొట్టేస్తున్నాను. ఈ మిషన్ ఇక్కడే ఉంటుంది, ఈ పిల్లా ఇక్కడే ఉంటుంది. మేనేజరూ, పైవాళ్ళకి నేను చెప్పానని చెప్పు."

"నేను మొదట్నుంచీ అదే అంటున్నానండీ, మిషన్ తప్పు చెయ్యదని."

"ఎప్పుడన్నావు?"

"మనసులో అంటున్నానండీ."

"సర్, ఇంటికి ఫోను చెయ్యరా?"

"చెయ్యాలి. ఏమని మొదలుపెట్టాలో తెలియట్లేదు."

"మామూలుగా మొదలుపెట్టండి సర్."

ఆయన తటపటాయించే లోపు అమ్మాయే ఆయన ఫోనులో ఇంటి నంబరు వెతికి నొక్కి, స్పీకరు పెట్టి ఆయన ముందుంచింది.

"ఏవండీ, మందులు వేసుకున్నారా?"

"వేసుకున్నాను. ఇదిగో, స్పీకరులో ఉన్నావు, పక్కన జనం ఉన్నారు."

"అయితే ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం లెండి."

"కాదు, జనం ముందే మాట్లాడాలి. మీ తమ్ముడితో మాట్లాడాను."

"ఎంతవరకు చెప్పాడు?"

"నడుం నొప్పి వరకు."

"అయితే అంతా చెప్పేశాడు."

"ఇన్నేళ్ళు నాతో ఒక్క మాట అనకుండా ఎలా ఉన్నావే నువ్వు?"

"ఎలా ఏముందండీ. ఏడాదంతా మీ చొక్కా గుండీలు కుట్టలేదూ, అలాగే ఇదీను. ఊడితే మీకు తెలుస్తుంది, కుడితే తెలీదు."

"మరి ఈసారి ఎందుకు చూడలేదు?"

"ఎక్కణ్ణుంచి చూడను? తమ్ముణ్ణి ఇంటికి పంపేశారు, ప్రూఫులు ఆగిపోయాయి. రెండు నెలలు ఎదురుచూశాను నడుం నొప్పి ఎప్పుడొస్తుందా అని."

"నలభై ఒకటి దొరికాయి. అన్నీ నావే. ఇప్పుడే రాసిచ్చాను."

"నలభై ఒకటేనా?"

"ఏం?"

"అరవై మూడండీ. కళ్ళజోడు మార్చుకోమని ఎన్నిసార్లు చెప్పాను మీకు."

"పిన్ని గారూ, నమస్తే. సూత్రాలు బొమ్మలు చేసే అమ్మాయినండీ. తక్కిన ఇరవై రెండూ ఎక్కడున్నాయో చెబితే..."

"రాసుకో తల్లీ, పేజీ నంబర్లన్నీ నోటికొచ్చు, ఐదుసార్లు దిద్దానుగా. కానీ బొమ్మ మీద దిద్దగలవా?"

"బొమ్మ మీద కాదండీ. వెనక ట్యాగుల్లో ఒక్కసారి దిద్దితే చాలు, మిషన్ మళ్ళీ గీసుకుంటుంది. ఈసారి సర్ ఫైల్లోనే దిద్దేస్తే ఇంకెప్పుడూ దిద్దక్కర్లేదు."

"ఇంకెప్పుడూనా? హమ్మయ్య."

"అమ్మా, ఐదింటికి ప్రెస్సు. ఒక్క గంట కూడా ఆపలేం."

"మేనేజరు గారా? పిల్లలు ఏడాదంతా తప్పు నేర్చుకోవడం కంటే పుస్తకం రెండు రోజులు ఆలస్యమైతే నయం కదండీ."

"అదే నేనూ అనుకుంటున్నానండీ మేడమ్ గారూ. రెండు రోజులెందుకు, నాలుగు తీసుకోండి."

"మేనేజరూ, ఎలాగూ ఆపుతున్నాం కాబట్టి అడుగుతున్నాను. కవరు మీద ఇంకో పేరు కలపాలంటే ఎంతసేపు?"

"పది నిమిషాల పనండీ ప్రొఫెసరు గారూ."

"అయితే కలుపు. నా పేరుకి పైన మా ఆవిడ పేరు."

"పైననా సర్?"

"పైనే అమ్మాయ్. పిల్లలు నా క్లాసులో చప్పట్లు కొట్టింది ఆవిడ లెక్కకి. ఇన్నేళ్ళు నేను వంగి నమస్కారాలు పెట్టి పుచ్చుకున్నాను. ...విన్నావటే?"

"విన్నానండీ."

"మరి మాట్లాడవేం? ఏడుస్తున్నావా?"

"ఏడుపెందుకు? ఆలోచిస్తున్నాను."

"ఇందులో ఆలోచించడానికేముంది? ఇది నేను నీకు ఇవ్వడం కాదు. నీకు రావాల్సిందే. ఆలస్యంగా వచ్చింది, అంతే."

"నా పేరు వద్దండీ."

"ఆహా, ఎంత పెద్ద మనసండీ మేడమ్ గారిది."

"చూశావా మేనేజరూ. చూశావా అమ్మాయ్. అదీ ఆవిడ సంస్కారం. ఇప్పుడు కూడా నేను చిన్నబోకూడదనే చూస్తోంది."

"అయ్యో, అది కాదండీ. తప్పులంటే దిద్దగలిగాను. ఆ పుస్తకం నేను రాశానంటే మాత్రం నలుగురిలో తలెత్తుకోలేను."